ఒక్క చుక్క పోకుండా

తట్టలోని నాపరాతి ముక్కలు దింపి రూతమ్మ గుట్ట చాటుకు నడిచింది. ముంతలో పట్టిన మూత్రాన్ని గోధుమరంగు సీసాలోకి తొణక్కుండా వంచి, బిరడా బిగించి, నల్లగుడ్డ చుట్టింది. తెల్లవారి మొదలుపెట్టాక ఇది నాలుగోసారి.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే గురజాల పక్క క్వారీలో తట్ట ఎత్తింది. ముప్పై ఏళ్ళయినా దించలేదు. నిప్పు లోపలికి పెట్టి కాల్చిన చుట్టలు అంగిట్లో రాచపుండు రేపాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో మద్రాసులో ఆరు వారాలు రేడియం పెట్టారు. ఎడమ దవడ నల్లగా కమిలిపోయింది. నోరు వేలి మందం కూడా తెరుచుకోదు. జావే తిండి.

రేడియం పడ్డాక పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం మూత్రంలో ఎంత పోతోందో మద్రాసులో చూస్తారనీ, రోజంతటిదీ కావాలనీ, వెలుతురు తగిలితే చెడుతుందనీ ఇక్కడి ఆస్పత్రి డాక్టరు లీలావతమ్మ చెప్పింది.

"నీకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు రూతమ్మా. రేపొచ్చే రోగులకు పనికొస్తుందేమో."

"నా ఒంట్లో ఏముందో ఇన్నేళ్ళలో ఎవురడిగారమ్మా? ఇస్తా."

వార్డులో పడుకోమంటే మాత్రం ఒప్పుకోలేదు. పనిలోకే వచ్చింది.

మేస్త్రీ యల్లమంద సీసా చూడనే చూశాడు. "ఏమే, ఆ దరిద్రం ఇక్కడికి తెస్తావా? పారబొయ్యి! లేకపోతే తట్ట ముట్టుకోబాక," అంటూ చెయ్యి చాపాడు.

రూతమ్మ సీసాను రొమ్ముకు అదుముకుంది. మాట ముద్దగా వచ్చింది.

"చెయ్యి ఎయ్యి, చూద్దాం. ఇది నాది. నేనిస్తానన్నా, ఇస్తా. పారబొయ్యటానికి నువ్వెవుడివి?"

చుట్టూ కూలీలు సుత్తులు ఆపి చూశారు. యల్లమంద చాపిన చెయ్యి దించాడు. సీసాను నీడన పెట్టి, పొద్దుగూకేదాకా ఆమె రాళ్ళు మోసింది.

మర్నాడు తెల్లారగానే చివరిసారి వంచి, ఆస్పత్రికి రెండు మైళ్ళు నడిచింది. దారిలో మూడుచోట్ల కూలబడి లేచింది.

"నిన్న పొద్దుట్నించి ఒక్క చుక్క పోలా. రాసుకో తల్లీ. నా పేరు కూడా రాయి."

లీలావతమ్మ రాసి, చీటీ సీసాకు అతికించింది. రూతమ్మ ఆ అక్షరాలను వేలితో ఒకసారి తడిమి, వరండాలో బల్లమీద నడుం వాల్చింది. డాక్టరమ్మ జావ తెప్పించేసరికి ఊపిరి లేదు.

ఆమెను మోసుకుపోయాక, తలకింద పెట్టుకున్న, తట్ట మోసేటప్పటి పాత చీరపేలికల చుట్టకుదురు బల్లమీదే ఉండిపోయింది, మడతల నిండా తెల్లటి రాతిపొడితో.