ఉప్పునీళ్ళ గుడ్డ

కరెంటు కత్తితో ఆపరేషన్ చేసేటప్పుడు రోగి తొడ కింద ఒక లోహపు రేకు పెడతాం. దాని చుట్టూ ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ ఉండాలి. కత్తి మొన నుంచి ఒంట్లోకి వెళ్ళిన కరెంటు ఆ తడి మీద పరుచుకుని బయటికి పోతుంది. గుడ్డ ఆరిందా, రేకు తాకిన చోటే ఒళ్ళు కాలుతుంది. మత్తులో ఉన్న మనిషి అరవనైనా అరవలేడు.

నాకిది నేర్పింది డాక్టర్ వామన్‌రావే. నాంపల్లిలో ఆయన సొంత దవాఖానలో నేను థియేటర్ నర్సుని. 1966 మే నెలలో, మొజంజాహీ మార్కెట్లో జామపళ్ళమ్మే కిష్టవ్వకి కడుపులో గడ్డ తీస్తున్నాడు. రెండు గంటలయ్యేసరికి కత్తి తెగడం మానేసింది.

"గుడ్డ ఆరినట్టుంది సార్, జర ఆగుండ్రి, చూస్త" అన్నాను.

"నాకే చెప్తవా? కరెంటు పెంచు!"

పెంచాను. మళ్ళీ పెంచమన్నాడు, మళ్ళీ పెంచాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, కాదనను. కిష్టవ్వ తొడ అరచేయంత కాలింది.

"సౌభాగ్య గుడ్డ తడపలేదు" అని అందరికీ చెప్పి, ఆ సాయంత్రమే నన్ను గెంటేశాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు! ఆ తర్వాత నేను మార్కెట్లో కనబడితే చాలు, కిష్టవ్వ కాండ్రించి ఉమ్మేది. నాలుగేళ్ళు ఆ ఉమ్ము దాటుకుంటూ నడిచాను. వాడికి నా చేతిలోనే శాస్తి జరగాలని మొక్కని రోజు లేదు.

జరిగింది. ఆబిడ్స్‌లో నేను చేరిన నర్సింగ్‌హోమ్‌కే హెర్నియాతో వచ్చాడు. ఎంత పెద్ద డాక్టరైనా తన కడుపు తాను కోసుకోలేడుగా! నడుముకి సూదిమందిచ్చారు. కింద తిమ్మిరెక్కింది, తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది. రేకు పెట్టి లేస్తుంటే మూతిగుడ్డ పైనున్న నా కళ్ళు గుర్తుపట్టాడు.

"సౌభాగ్యా... గుడ్డ తడిపినవా?"

"ఏంది సార్, గంత ఫికర్?"

"తడిపినవా లేదా చెప్పు తల్లీ!" అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

"కిష్టవ్వ తొడ ఎవరి వల్ల కాలింది?"

ఆపరేషన్ మొదలుపెట్టబోతున్న డాక్టర్ శ్యామ్‌సుందర్ కత్తి పట్టుకుని ఆగిపోయాడు. వామన్‌రావు నుదురంతా చెమట.

"నా వల్లనే. నువ్వు ఆగుమన్నా ఆగలే. నేనే పెంచుమన్న."

"తడిపిన సార్. రెండుసార్లు చూసిన" అన్నాను. నిజంగానే చూశాను. నేను వామన్‌రావుని కాను.

అయిదో రోజు కిష్టవ్వని బతిమాలి అతని మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. శ్యామ్‌సుందర్ పక్కనే ఉన్నాడు. "గా మాట మళ్ళా చెప్పుండ్రి" అన్నాను. తల దించుకుని చెప్పాడు.

కిష్టవ్వ నా వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"నాలుగేండ్లు గీ పిల్ల మీద ఉమ్మిపిచ్చినవ్ గదరా నాతోని!" అంటూ వాడి మొహాన ఉమ్మింది.

తుడుచుకోడానికి గుడ్డ కోసం నా వైపు చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.