పేరు అడిగే కాగితం

దుప్పట్లు ఇస్త్రీ చేసే మూడో రోలరు నుంచి కమురు వాసన రాగానే లాండ్రీలో ఉన్న పదకొండుమందీ ఒక్కసారే తల తిప్పారు. ఆసుపత్రి దుప్పటి ఒకటి పొగలు కక్కుతూ బయటికి వచ్చింది, మధ్యలో నల్లటి మచ్చతో. దాని వెనకే ఇంకో నాలుగు. చిన్నకోడలు పరుగున వెళ్ళి మీట లాగేసరికి ఐదూ పోయాయి. సాయంత్రం గంటకు ఇంకా అరగంట ఉంది.

రోలరు వేడి తగ్గించే మర చెడిపోయి ఐదు నెలలైంది. వెళ్ళి చెప్పినప్పుడల్లా యజమాని చూద్దామన్నాడు గానీ, చూడటానికి మాత్రం రాలేదు. బాగుచేయించే బదులు ఒక పద్ధతి పెట్టాడు. గుడ్డ కాలిన రోజు సూపర్వైజరు తన బల్లమీద ఒక కాగితం పెడతాడు. గంట కొట్టేలోగా ఎవరో ఒకరు వెళ్ళి తప్పు తనదని పేరు రాయాలి. రాసిన మనిషికి వారం రోజులు పని ఉండదు, మిగతావాళ్ళ జోలికి రారు. ఎవరూ రాయకపోతే అందరికీ ఆ రోజు కూలి పోతుంది. నాలుగుసార్లు పేరు రాసిన మనిషి ఇక గేటు లోపలికి రానక్కర్లేదు.

పెద్దకోడలు అప్పటికే మూడుసార్లు రాసింది.

వీళ్ళిద్దరూ అన్నదమ్ముల భార్యలు. చిన్నకోడలు ఆ ఇంటికొచ్చి నాలుగేళ్ళు. ఒకే పొయ్యి మీద వండుకుంటారు, ఒకే బల్ల దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెడతారు. చిన్నకోడలు చెడ్డమనిషేం కాదు. కానీ తోడికోడల్ని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఓర్వలేదు. ఆ మూడుసార్లలో ఒక్కసారి కూడా తప్పు పెద్దకోడలిది కాదు. అయినా వెళ్ళి రాసింది. అప్పటినుంచి ఆమె వస్తే బెంచీ మీద అందరూ జరిగి చోటిస్తున్నారు. ఇంట్లో అత్తగారైతే ప్రార్థన చేసుకుంటూ, మా పెద్దకోడలిది అచ్చం ప్రభువు గుణమని చెబుతుంది. అత్తగారు కళ్ళు మూసుకునే ఉంటుంది, మాట మాత్రం గురి తప్పకుండా చిన్నకోడలికి తగులుతుంది.

మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారు సిలువ గురించి చెప్పారు. తప్పు మనుషులది, శిక్ష ఆయనది అన్నారు. మనుషులు తిరిగి దేవుడి దగ్గరికి చేరాలని, తనంతట తాను ఇష్టపడి ప్రాణం పెట్టాడన్నారు. అందరి కోసం ఒక్కసారే పెట్టాడు గనక ఇక ఏ బలీ అక్కర్లేదన్నారు. లాండ్రీవాళ్ళ తలలన్నీ పెద్దకోడలి వైపు తిరిగాయి. ఆ తర్వాత పాస్టరుగారు ఏం చెప్పారో చిన్నకోడలికి ఒక్క ముక్క ఎక్కలేదు. దేవుడి మీద కోపం తెచ్చుకునే ధైర్యం లేక, ఆ కోపమంతా ముందు వరసలో కనిపిస్తున్న తోడికోడలి జుట్టుముడి మీద పెట్టుకుంది.

ఇప్పుడు పెద్దకోడలు చేతిలో గుడ్డ కింద పెట్టి ముఖం తుడుచుకుంటోంది. పేరు రాయడానికి బయల్దేరే ముందు ప్రతిసారీ ఆమె చేసే పని అదే. ఇది నాలుగోసారని అందరికీ తెలుసు. ఆమె భర్త ఏడాదిగా మంచంలో ఉన్నాడనీ తెలుసు. అయినా వద్దని ఒక్కరూ అనలేదు.

పోతే పోనీ, పీడా విరగడవుతుందనుకుంది చిన్నకోడలు. మరుక్షణం పోకూడదనిపించింది. జాలితో కాదు. నలుగురి కోసం ఉన్న పని కూడా వదులుకుందంటే ఇక ఆవిణ్ణి అందుకోవడం ఎవరి తరం? బతికున్నన్నాళ్ళూ అత్తగారి ప్రార్థన వినలేక చావాలి. ఆ ఆలోచన రావడంతోనే కాళ్ళు కదిలాయి. పెద్దకోడలు ముఖం తుడుచుకోవడం పూర్తయ్యేలోగా చిన్నకోడలు ఆఫీసు గది మెట్లు ఎక్కేసింది.

సూపర్వైజరు టీ తాగుతున్నాడు. తప్పు తనదేనని, పేరు తానే రాస్తానని ఆమె చెబితే ఆశ్చర్యంగా చూసి, కాగితం ఇటు తిప్పి పెన్ను ఇచ్చాడు.

"మంచిదమ్మా. మీ తోడికోడలి కన్నా నువ్వే నయమనిపించావు."

నాలుగేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది. ఒళ్ళంతా తేలికైంది. ఈ ముక్క అత్తగారి చెవిన ఎలా వేయాలా అని ఆలోచిస్తూ పెన్ను మూత తీసింది.

"ఆవిడకి ఇంకొక్కసారితో సరి. తర్వాత ఎవరా అని నాకూ బెంగగానే ఉంది," అన్నాడతను టీ గ్లాసు దించుతూ. "నువ్వు దొరికావు. ఇంకో మూడుసార్లకి దిగుల్లేదు. ఒకళ్ళు భరిస్తే పదిమంది బతుకుతారు. ఆదివారం విన్నాంగా, సిలువంటే అదేగా."

చిన్నకోడలి చెయ్యి ఆగిపోయింది. ఆ మెచ్చుకోలు తనకు కాదు, ముందు ముందు కాలబోయే దుప్పట్లకు. ఇదే కుర్చీలో కూర్చుని ఇతను పెద్దకోడలితోనూ ఇలాగే అని ఉంటాడు. ఇన్నాళ్ళూ తను కళ్ళలో నిప్పులు పోసుకున్నది ఈ పెన్ను కోసమా? ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే, ఆదివారం కోపంలో పట్టించుకోకుండా వదిలేసిన మాట ఒకటి గుర్తొచ్చింది.

"ఆయన ఒక్కసారి ప్రాణం పెట్టింది ఇక ఎవర్నీ బలి అడక్కూడదనే కదా సార్," అంది. "మరి మీరు నెలకొకర్ని అడుగుతారేం?"

సూపర్వైజరు కాగితం ఆమె ముందుకి జరిపాడు. అవన్నీ చర్చిలో మాటలని, ఇక్కడ తనకు పేరు కావాలని అన్నాడు.

"ఆయన ఇష్టపడి వెళ్ళాడు. మమ్మల్ని మీరు పంపిస్తున్నారు. గుడ్డలు కాల్చింది రోలరు. నేను రాయను. అక్కనీ రాయనివ్వను."

పెన్ను మూత పెట్టి కాగితం పక్కనే ఉంచింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దకోడలు నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. చిన్నకోడలు పక్కకు జరగలేదు. గంట కొట్టేదాకా గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడింది.

కింద అందరూ సంచులు భుజాన వేసుకుని ఎదురుచూస్తున్నారు. ఎవరి పేరని అడిగారు. ఎవరిదీ లేదని చెప్పింది. ఒకావిడ ఇవాళ్టి కూలి ఎవడిస్తాడని నిలదీసింది. ఇంకొకావిడ ఇంట్లో పిల్లకు మందు కొనాలని చెప్పి ఏడుపు మొహం పెట్టింది. వాళ్ళు తిడుతూనే గేటు దాటారు. బెంచీ మీద చోటు సంగతి ఇక దేవుడెరుగు.

ఇద్దరే మిగిలారు. మలుపు దగ్గర పెద్దకోడలు ఆగింది.

"మూడుసార్లు వెళ్ళాను ఆ గదిలోకి. ఆ మాట నాకెందుకు తట్టలేదే?"

ఆ గొంతులో ఉన్నదేమిటో చిన్నకోడలు వెంటనే పోల్చుకుంది. నాలుగేళ్ళుగా తను మింగుతున్నదే అది.

"మళ్ళీ గుడ్డ కాలిన రోజు కాగితం పెడతాడు," అంది పెద్దకోడలు. "ఈసారి నేను చెబుతాను. నువ్వు నా వెనక నిలబడు."

"ముందు మెట్లెక్కినవాళ్ళు చెబుతారక్కా," అంది చిన్నకోడలు.