జావ చల్లారని చోటు

మంచు కరగగానే ఆ ఊళ్ళో అందరూ చేసే మొదటి పని కంచెలు సరిచేసుకోవడం. చలికాలమంతా మంచు కింద ఇళ్ళు కదులుతాయి మరి. రాకపోకలున్న ఇళ్ళు దగ్గరికి జరుగుతాయి, మాటల్లేని ఇళ్ళు ఎడంగా పోతాయి. ఎవరి గుమ్మం ఎటు తేలిందో చూసుకుని, నవ్వుకుని, మేకులు కొట్టుకుంటారు.

గుడ్‌వేగ్ ఇల్లు మాత్రం ఏటా సముద్రం వైపే పోయేది. మొగుడు పడవతో సహా మునిగిపోయినప్పుడు చెల్లెలు ఓస్తా మీగడ జావ తెస్తే, ఆలస్యంగా వచ్చిందన్న కోపంతో గిన్నె మూత తీయకుండానే తిప్పి పంపింది. అక్కడ అలా చేయడమంటే ముఖం మీద తలుపు వేసినట్టే. ఇప్పుడా ఇల్లు రాతి కొన చివర ఒంటరిగా ఉంది. కోపం ఎప్పుడో పోయింది కానీ, చెల్లెలి గడప తొక్కడానికి ఆవిడకు మొహం చెల్లలేదు.

ఆ ఏడు మంచు ఇంకా ఉండగానే ఓస్లో నుంచి జనాభా లెక్కల ఉద్యోగి వచ్చాడు. అటు పట్నమూ ఇటు పల్లే కాని ఇలాంటి చోట్ల చుట్టూ పటం మీద గీత గీస్తున్నాడు. గీత లోపలి ఇళ్ళకే కరెంటు.

"మీ ఇల్లు గీతకు అవతల పడిందమ్మా. ఇంత దూరం స్తంభాలు వెయ్యరు. అసలే మీకు చూపు ఆనడం లేదు. వృద్ధాశ్రమంలో చేరితే హాయిగా ఉంటుంది" అన్నాడు. మంచివాడే పాపం.

"నా హాయి సంగతి నేను చూసుకుంటాలే నాయనా, కాఫీ తాగి వెళ్ళు" అంది. అతను వెళ్ళాక కూర్చుని ఏడ్చింది. ఆ ఇల్లు తప్ప ఆవిడకు ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే పాలు పోసే మనిషి కబురు తెచ్చాడు. ఓస్తా మనవరాలు ఆడపిల్లను కన్నదట. బాలింతకు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మీగడ జావ పట్టుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ. వేడిగా చేరాలి, చల్లారితే ఇచ్చినట్టు కాదు.

గుడ్‌వేగ్ పొయ్యి ముందు చాలాసేపు తటపటాయించింది. "తిప్పి పంపితే పంపనీ, నేను చేసిందీ అదేగా" అనుకుని మీగడ పొయ్యి మీద పెట్టింది. వెన్న పైకి తేలాక జావను చెక్క గిన్నెలో పోసి, శాలువా చుట్టి బయల్దేరింది. అంత దూరం వెళ్ళేసరికి గడ్డకట్టిపోతుందని తెలుసు. అయినా మంచులో కాళ్ళీడ్చుకుంటూ నడిచింది. దారి పొడుగునా వెనక ఇంటి దూలాలు కిర్రుమంటూనే ఉన్నాయి. ఆవిడ తిరిగి చూడలేదు.

ఓస్తా తలుపు తీసింది. అక్కను చూసి గిన్నె మూత తీసింది. గుప్పున ఆవిరి ఇద్దరి ముఖాలకీ తగిలింది.

"అంత దూరం నుంచి ఇంత వేడిగా ఎలా తెచ్చావే అక్కా?"

"ఏమో. నడిచొచ్చాను."

"నడవడానికి ఇన్నేళ్ళు పట్టిందా?" అంటూ ఓస్తా బాలింత కంటే ముందు తనే ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది. "ఉప్పు మర్చిపోయావు. ఎప్పుడూ ఇంతే నువ్వు."

బయట టేపు పట్టుకుని ఆ ఉద్యోగి నిలబడి ఉన్నాడు. గుడ్‌వేగ్ ఇల్లు ఓస్తా గోడ పక్కనే ఉంది, పొగగొట్టంలోంచి ఇంకా పొగ వస్తోంది.

"కొలతలన్నీ అయ్యాక జరిగితే ఎలాగమ్మా?" అని విసుక్కుంటూనే పాత గీత చెరిపి, ఆ ఇంటిని కూడా కలుపుకుని కొత్తది గీశాడు. "ఇంతకీ ఇలా ఇళ్ళు చేరిన చోటును మీరేమంటారు? మా ఆఫీసులో దీనికింకా పేరు పెట్టలేదు."

"ఏమంటాం? తెట్‌స్టేడ్ అంటాం, దగ్గర చోటు అని" అంది ఓస్తా. అతను అదే రాసుకున్నాడు.

ఆ సాయంత్రం గుడ్‌వేగ్ వంటింటి కిటికీ తెరిచింది.

"ఓస్తా, కాస్త ఉప్పుంటే ఇవ్వవే" అంది, గొంతు పెంచకుండానే.

ఎదుటి కిటికీలోంచి చెయ్యి వచ్చింది.