అప్పటి స్ప్రింగు

మా ఆయన లైల్, అతని స్నేహితులిద్దరూ మా వంటింటి బల్ల చుట్టూ భూతద్దాలు పట్టుకుని కూర్చుంటే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది. వాళ్లు చూస్తున్నది తుపాకీని కాదు. తాము పుట్టకముందే ముగిసిన రెండో ప్రపంచ యుద్ధంలో తమ పేరు ఎక్కడైనా రాసి ఉందేమోనని వెతుక్కుంటున్నారు. ముగ్గురిలో ఒక్కడు కూడా సైన్యంలో పనిచేయలేదు.

పెన్సిల్వేనియాలో మా కొండల వైపు, ఆ యుద్ధంలో సైనికులు వాడిన గరాండ్ రైఫిలు లేని ఇల్లు తక్కువ. ఎనిమిది తూటాల ఉక్కు క్లిప్పు పైనుంచి నొక్కితే చాలు, ఒకటి పేలగానే తర్వాతది తనంతట తానే గొట్టంలోకి ఎక్కుతుంది. నాది మా నాన్నది. దానితో నేను రెండు వందల గజాల దూరాన ఉన్న కాగితాన్ని కాలుస్తాను, అంతే. మా క్లబ్బు ప్రతి ఆగస్టులో నలుగురిని ఒహాయోలో జరిగే పెద్ద పోటీకి పంపుతుంది. ఏళ్ల తరబడి నాది ఐదో స్థానం. ఈ ఏడాది చివరి ఎంపిక పోటీ నాటికి నాలుగో స్థానంలో ఉన్నాను. నా వెనకాలే, ఐదో స్థానంలో, మా క్లబ్బువాడు టర్లీ ఉన్నాడు. నా కుడి కంట్లో శుక్లం మొదలైందని, వచ్చే వేసవికి గురి ఆనదని డాక్టరు చెప్పాడు. కాబట్టి వెళితే ఈసారే వెళ్లాలి.

ఆ వారం నా విడిభాగాల పెట్టె సర్దుకుంటున్నాను. చేపల గాలాలు పెట్టుకునే పాత ప్లాస్టిక్ పెట్టె అది. అందులో తూటాలను కింది నుంచి పైకి నెట్టే ఒక పెద్ద స్ప్రింగు, ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం, దాని బుల్లి స్ప్రింగు, తూటాను పేల్చే సూది ఉంటాయి. అరిగేవీ అలసిపోయేవీ మాత్రమే. ప్రతిదాన్నీ ముందు రైఫిల్లో పెట్టి కాల్చి చూశాకే పెట్టెలో వేస్తాను. కాల్చి చూడనిది విడిభాగం కాదు, ఉత్త ఆశ.

లైల్ స్నేహితుడు ఆర్డెన్ నా కొత్త స్ప్రింగును రెండు వేళ్లతో, చచ్చిన వానపామును ఎత్తినట్టు ఎత్తాడు.

"ఇదేంటి వోండా, గుండ్రటి తీగ! నీ రైఫిలు నలభై మూడుది. అప్పటి స్ప్రింగు తీగకి అంచులుంటాయి, పలకల్లా. ఇది దానికి అవమానం."

"అవమానం ఎవరికి? స్ప్రింగుకా, నీకా?"

"అన్నీ అప్పటివైతేనే అది అసలు తుపాకీ," అన్నాడు రెండో స్నేహితుడు హబర్ట్. అతని భార్య వదిలేసి వెళ్లినప్పుడు కూడా ఇంత బాధగా మాట్లాడలేదు.

"సరే. లైల్, నీ మోకాలు ఏ ఏడాదిది? దాని మీద ఫ్యాక్టరీ ముద్ర ఉందా? లేకపోతే విప్పేద్దాం."

ఆర్డెన్ నవ్వాడు. లైల్ నవ్వలేదు. రెండేళ్ల కిందట పెట్టించుకున్న లోహపు మోకాలిని బల్ల కింద సవరించుకుని, "నీకు అర్థం కాదులే," అన్నాడు మెల్లగా.

నాకు బాగా అర్థమవుతుంది. అరిగినదాన్ని మార్చడమంటే ఏదో ఒకటి అయిపోయిందని ఒప్పుకోవడం. అది ఒప్పుకోలేని మగవాళ్లు ముద్రలూ అంకెలూ పోగేసుకుంటారు. కాలం ఆగిపోయిందని తమకు తాము రశీదు రాసుకుంటారు.

పోటీ శనివారం. శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో వంట ఉంటే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి లైల్ చేతులకు గ్రీజు వాసన, ముఖంలో ఏదో దాచిన వెలుగు. "నీ రైఫిలు తుడిచి పెట్టాను," అన్నాడు. థాంక్స్ చెప్పాను. ముప్పై ఏళ్ల కాపురం మనిషిని అంత మొద్దుగా చేస్తుంది.

మొదటి వంతు బోర్లా పడుకుని నిదానంగా కాల్చేది. ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాలి. బాగా కాల్చాను. వెనక కుర్చీల్లో ముగ్గురూ కాగితం కప్పుల్లో కాఫీ తాగుతున్నారు. లైల్ నా వైపు చూసి తల ఊపాడు, ఆ గుళ్లు తనే పేల్చినట్టు.

రెండో వంతు వేగంగా కాల్చేది. ముందు రెండు తూటాల క్లిప్పు, ఆ తర్వాత ఎనిమిదిది. రెండూ పేలాయి. నిండు క్లిప్పు నొక్కాను. ఆరు వరుసగా వెళ్లాయి. ఏడోది ఎక్కలేదు. కింది నుంచి పైకి నెట్టాల్సిన బలం చాలక తూటా ముక్కు వాల్చుకుని అడ్డంగా ఇరుక్కుంది. పిడి వెనక్కి లాగి వదిలాను. మళ్లీ ఇరుక్కుంది. అరచేత్తో కొట్టాను. టైమైపోయిందని ఈల మోగింది. రెండు తూటాలు లోపలే ఉండిపోయాయి. తుపాకీ మొరాయిస్తే మళ్లీ అవకాశం ఇవ్వకపోవడం మా క్లబ్బు నియమం. ఆ నియమానికి చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను.

"అయ్యో వోండా, దురదృష్టం," అన్నాడు టర్లీ. అంత సంతోషంగా ఎవరూ నా మీద జాలి పడలేదు.

బల్ల దగ్గరికి తెచ్చి కట్టె విడదీసి స్ప్రింగు బయటికి లాగాను. నల్లగా ఉంది, అంచులున్న తీగ. నా పెట్టెలోని కొత్తదాని పక్కన పెట్టాను. దానికన్నా బొటనవేలంత పొట్టి.

లైల్ అప్పటికే పక్కకు వచ్చాడు. "నీకు చెప్పకుండా దాచాను. నీ పోటీకి బహుమతి. ఎంత వెతికానో తెలుసా?"

నేను నోరు తెరిచేలోపు ఆర్డెన్ వంగాడు. "ఒరేయ్ హబర్ట్, ఇటు రా! చూడు, అంచులు చూడు!"

హబర్ట్ జేబులోంచి భూతద్దం తీశాడు. "అసలైనదే. ఎక్కడ పట్టావురా లైల్?"

నా ఆగస్టు ఆ బల్ల మీదే చచ్చి పడి ఉంది. వీళ్లు దాన్ని చంపిన వస్తువు నాణ్యతను మెచ్చుకుంటున్నారు. ముగ్గురి తలలూ ఆ స్ప్రింగు మీదికి, ఉయ్యాలలో బిడ్డను చూసినట్టు వంగి ఉన్నాయి. నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటివాడు నీతో సమానుడని ఒక మూల నమ్మకం ఉండాలి.

నా కొత్త స్ప్రింగు బిగించి, నిలబడి కాల్చే మూడో వంతు కూడా పూర్తి చేశాను. టర్లీకి నాలుగో స్థానం వచ్చింది.

ఇంటికి వస్తుంటే ట్రక్కులో లైల్ అన్నాడు: "మీ నాన్న మొదటిసారి పట్టుకున్నప్పుడు ఎలా ఉందో, అలా చేసి ఇద్దామనుకున్నాను."

"మా నాన్న ఆ స్ప్రింగుని మూడుసార్లు మార్చాడు, లైల్."

"అసలుదాన్నా?"

"అసలుదాన్నే. పాతవి కత్తిరించి కోళ్ల గూటి గడియలో పెట్టేవాడు."

అతని బహుమతి ప్రేమేనని నాకు తెలుసు. అదే నన్ను మరింత అలసిపోయేలా చేస్తుంది. నాకేం కావాలో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగని ప్రేమ ఎంత వెతికి తెచ్చినా నాది కాదు. అతను ఇచ్చింది నాకు కాదు, నలభై మూడో సంవత్సరానికి.

పెరట్లో కోళ్ల గూటి గడియ కొన్నాళ్లుగా వదులైంది. తీగలు కత్తిరించే పట్టకారు తెచ్చాను.

"వోండా, వద్దు," అన్నాడు లైల్. "అలాంటిది మళ్లీ దొరకదు."

"దొరక్కపోతేనే మంచిది."

ఆ పాత స్ప్రింగును రెండు ముక్కలు చేశాను. అతను కళ్లు మూసుకున్నాడు. ఒక ముక్కను గడియ కడ్డీకి తొడిగి, వెనక్కి లాగి వదిలాను. కడ్డీ సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"చూశావా? గూటికి కూడా చాలలేదు."

లైల్ ముందుకు వచ్చాడు. వేలు పెట్టి కడ్డీని మిగతా సగం తనే నెట్టి అలాగే పట్టుకున్నాడు.

నేను షెడ్డులోకి వెళ్లి శుక్రవారం అతను రైఫిల్లోంచి తీసి చెత్తడబ్బాలో పారేసిన నా స్ప్రింగు వెతికి తీశాను. గ్రీజు తుడిచి, రైఫిల్లోంచి తీసిన కొత్తదాని పక్కన పెట్టి చూశాను. రెండూ సమానం. కాల్చి చూసినదే కాబట్టి తిన్నగా పెట్టెలో వేసుకున్నాను. కిటికీలోంచి చూస్తే అతనింకా గూటి దగ్గరే ఉన్నాడు, గడియ మీద వేలు పెట్టి, నేను చూస్తున్నానో లేదో చూస్తూ. నేను పెట్టె మూత వేసుకున్నాను.