జయరామప్ప సోమవారం పూజ

కాటన్‌పేటలో జయరామప్ప మగ్గాల షెడ్డుకు సెలవు బోర్డు రాసింది నేనే. అందులోని అబద్ధం మాత్రం ఆయనదే.

అది నలభై తొమ్మిదో సంవత్సరం. పనివాళ్ళకు వారానికో రోజు సెలవివ్వాలని, ఆ రోజేదో అందరికీ కనబడేటట్టు రాసి తగిలించాలని సర్కారు చెప్పింది. మా షెడ్డులో మొదటినుంచీ అమావాస్య ఒక్కటే సెలవు. “సోమవారం అని రాయప్పా రైటరూ. రాసినంత మాత్రాన మూసేయల్లనా?” అన్నాడు జయరామప్ప. నాకు ఒళ్ళు మండింది. అయినా రాసి తగిలించాను, షెడ్డు లెక్కలు రాసే నా ఉద్యోగమూ ఆయన చేతిలోదే కదా.

కండెలు చుట్టే అక్కయమ్మకు చదువు రాదు. ఆమె కూతురు హొసకోటెలో ప్రసవించి రెండు నెలలైంది. మనవరాలి మొహం ఇంకా చూడలేదు. దొరికే సెలవు అమావాస్య, ఆ రోజు పసిబిడ్డను చూడబోకూడదంటారు. ఒక్కరోజు ఇమ్మని అడిగితే జయరామప్ప వినిపించుకోలేదు.

శనివారం తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసి, జయరామప్ప అందరికీ పాఠం చెప్పాడు. ఏ రోజు సెలవని అడిగితే సోమవారం అనాలి. అక్కయమ్మ చేత మూడుసార్లు అనిపించాడు.

“బోర్డులో నిజంగా అట్లే ఉండాదా?” అని ఆమె నన్ను చాటుగా అడిగింది. ఉందన్నాను. తల ఊపి మళ్ళీ కండెల దగ్గరికి పోయింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి ఆమెనే అడిగాడు.

“సోమవారమే సామీ. ఆ దినం ఇక్కడ ఒక్క మగ్గం కదలదు. కావల్లంటే వచ్చి చూడండి,” అంది వినయంగా.

భలే చెప్పిందనుకుని జయరామప్ప మురిసిపోయాడు, పాపం.

సోమవారం పొద్దున ఎనిమిది మగ్గాలూ టకటకలాడుతుంటే ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

“పని కాదు సార్,” అన్నాడు జయరామప్ప చెమట తుడుచుకుంటూ. “సోమవారం మగ్గాలకు పూజ. పూజకు ముందు నాలుగు పోగులు నేసేది మా ఆచారం.”

ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న నేనూ ఆ ఆచారం గురించి అప్పుడే విన్నాను.

“మంచిది, చూసే పోతాను,” అని ఇన్‌స్పెక్టరు స్టూలు లాక్కున్నాడు.

కొబ్బరికాయ కోసం నేను అంగడికి పరిగెత్తాను. మగ్గాలకు విభూతి, కుంకుమ పెట్టి హారతిచ్చారు. ఇన్‌స్పెక్టరు ప్రసాదం తిని, ఇకమీద సోమవారాలు ఇటే వస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆయన సందు తిరగ్గానే జయరామప్ప, “ఊఁ, కూర్చోండప్పా మగ్గాల్లో,” అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

“పూజ చేసిన మగ్గాన్ని ఆ దినం ఎట్ల ముట్టేదప్పా?” అంది అక్కయమ్మ. “ఆయుధపూజ దినం మీరే ముట్టనియ్యరు కదా.”

జయరామప్ప కుంకుమ బొట్ల వంక చూశాడు. సర్కారుకు ఎన్ని అబద్ధాలైనా చెబుతాడు గాని, నేతవాళ్ళ కులదేవత చౌడేశ్వరి అంటే ఆయనకు మహా భయం. రెండు చెంపలూ వేసుకున్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అక్కయమ్మ కొబ్బరిచిప్ప కొంగున కట్టుకుని, హొసకోటె బస్సు ఎన్ని గంటలకని నన్నడిగింది.

“పదకొండున్నరకు,” అన్నాను. జయరామప్పకు వినబడేటట్టు గొంతు పెంచి, “వచ్చే సోమవారం కూడా అదే టైముకు,” అన్నాను.