కాగితం బరువు

వెండెల్ క్రాఫ్ట్ పేరు నా ముందు ఎత్తకండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషి వాడు.

క్లీవ్‌లాండ్‌లో మా ప్రయోగశాలలో నేను చేసే ఇంజన్‌కి మంట ఉండదు, మోత ఉండదు. పాదరసాన్ని ఆవిరి చేసి, ఆ అణువుల్ని కరెంటుతో వెనక్కి విసిరితే అది ముందుకు కదులుతుంది. దాని తోపుడు ఒక కాగితం బరువంత, అంతే. పెద్ద రాకెట్ల వాళ్లు భోజనాల దగ్గర ఏడిపించేవాళ్లు, "అల్బీనా, నీ ఇంజన్ పక్కన తుమ్మకూడదట కదా" అని. నవ్వి ఊరుకునేదాన్ని. గాలి తీసేసిన ఉక్కు ట్యాంకులో అది మంచు పడే రోజుల్లో మొదలై, వసంతంలో లైలాక్ పూలు పూసినా ఆగలేదు మరి.

వెండెల్ మాత్రం నవ్వేవాడు కాదు. పక్క గదిలో గ్యాసు చిమ్మే చిన్న రాకెట్లు చేసేవాడు. శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్లోనే వాడికి చేపల భోజనం. అమ్మ చేసే అక్రోటు రొట్టెలో మాడిన చివరి ముక్కంటే తనకి ప్రాణమనేవాడు. అమ్మ అది వాడికోసమే దాచేది. ఒకరోజు ట్యాంకు కిటికీలోంచి నా ఇంజన్ చిమ్మే నీలం వెలుగు చూస్తూ వాడి అరచేతిలో కాగితం పెట్టి ఊదమన్నాను. ఎగిరిపోయింది.

"బలం ఇంతే. కానీ పైన అంతరిక్షంలో దాన్ని ఆపేదేముంది? ఏడాదిపాటు ఇలాగే ఊదుతూ ఉండు, నీ రాకెట్లేవీ దాన్ని అందుకోలేవు" అన్నాను.

ఆ వసంతంలో ఉపగ్రహంలో ఒక్క ఇంజన్‌కి చోటుందన్నారు. ఎవరిదో తేల్చే సమావేశానికి సంస్థ పెద్దలు వచ్చారు. ఆ గదిలో ఆడదాని మాట వినే రోజులు కావవి. నీ తరఫున నేను మాట్లాడతానన్నాడు వెండెల్. నమ్మాను. వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను.

వాడు లేచి, జేబులోంచి కాగితం తీసి, అరచేతిలో పెట్టుకుని ఉఫ్ మని ఊదాడు.

"మా అల్బీనా ఇంజన్ బలం ఇదీ" అన్నాడు.

గదంతా గొల్లుమంది. 'కానీ' అనే రెండో మాట కోసం నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నాను, పిచ్చిదాన్ని. వాడు తన గ్యాసు ఇంజన్ బొమ్మ గోడకి తగిలించాడు. నేను లేవబోతే ఓ పెద్దాయన చెయ్యి ఊపి కూర్చోమన్నాడు.

చోటు వాడికే దక్కింది. వారం తిరక్కుండా ట్యాంకూ వాడికే ఇచ్చారు. నా ఇంజన్ ఆపమని చెప్పడానికి వాడే వచ్చాడు.

"నీకెలాగూ ఇచ్చేవాళ్లు కాదు అల్బీనా. ఎవడో తన్నుకుపోయేకంటే..."

"ఓడిపోతే ఇంత ఏడ్చేదాన్ని కాదు వెండెల్. నా మాటనే సగానికి కోసి నన్ను కొట్టావు. నువ్వే ఆపుకో."

బోర్డు ముందు నిలబడి తడుముకున్నాడు. ఇన్ని నెలలు నా పక్కన కూర్చున్నవాడికి ఏ స్విచ్చో తెలియదు. నేనే చూపించాను. నీలం వెలుగు పోయింది.

ఆ శుక్రవారం అమ్మ మూడు కంచాలు పెట్టింది. వాడింక రాడన్నాను. మరి ఈ ముక్కో అంది. లాక్కుని, నిలబడే కొరికాను. ఒకటే చేదు. ఇది ఇష్టమని వాడు చెప్తే ఇన్నాళ్లూ ఎలా నమ్మామో.