పళ్లచోటు ఎవరికీ చెప్పరాదు

మా ఊళ్లో మగవాడు తన గురక సంగతైనా ఒప్పుకుంటాడు గానీ, బ్లూబెర్రీలు కోసుకునే చోటు మాత్రం చచ్చినా చెప్పడు. మా నాన్న నాకా చోటు చూపింది పోయేముందు ఆఖరి వారంలో. అదీ నోటితో కాదు, మంచం మీంచి వేలితో. అడవి అందరిదీ, ఎవరైనా ఎక్కడైనా కోసుకోవచ్చని చట్టమే చెబుతోంది. అందుకే ఇంత గోప్యం.

ఆ రోజు మధ్యాహ్నం కాఫీకి, పళ్లరొట్టెకి మా మరదలు హెల్సింకి నుంచి వస్తోంది.

"కిందటేడు అంగడి పళ్లు తెచ్చి నా పరువు తీశావు," అంది నా భార్య హెల్వి. "కోస్తే లోపలంతా తెలుపే, సబ్బుముక్కల్లాగ! ఈసారి అడవిపళ్లు తేకపోయావో, పొయ్యిలో పెట్టేది నిన్నే."

బకెట్టూ, పొదల్లోంచి పళ్లు దువ్వి రాల్చుకునే దువ్వెనపెట్టే పట్టుకుని బయల్దేరాను. అడవి మొదట్లో పక్కింటి ఇల్మో నిలబడి ఉన్నాడు, చేతులు ఊపుకుంటూ. బకెట్టు లేని మనిషి జూలైలో అడవి దగ్గర నిలబడ్డాడంటే నాకప్పుడే ఒళ్లు మండింది.

"ఎక్కడికిరా ఊర్పో?"

"ఊరికే, కాళ్లు సాగదీద్దామని."

"బకెట్టెందుకు మరి?"

"వానొస్తే నెత్తిన బోర్లించుకుంటా."

"నేనూ అటే."

"ఎటు?"

"నువ్వెటైతే అటు."

పొమ్మందామంటే అడవి మా మావగారు రాసిచ్చింది కాదాయె. సరే, నడిపించి నడిపించి నీళ్లు తాగిస్తానని నా చోటుకు సరిగ్గా ఎదురు దిక్కున చిత్తడి నేలలోకి దారి తీశాను. మా చిత్తడిలో దోమలు సామాన్యమైనవి కావు. ఒకటి నా టోపీ ఎత్తుకుపోయి, సరిపోలేదని తెచ్చిచ్చింది. అయినా ఇల్మో వెనక్కి తగ్గలేదు. నా బూటు బురదలో దిగబడితే వాడే లాగి చేతికిచ్చాడు.

"ఆరోగ్యానికి మంచిదిలే ఈ నడక," అన్నాడు పైగా.

విసుగొచ్చి దుంగ మీద కూలబడి కాఫీ ఫ్లాస్కు తీశాను. వాడు జేబులోంచి కప్పు తీశాడు!

"పంచదార తేలేదా?" అన్నాడు తాగి.

ఎండ నడినెత్తికొచ్చింది. బకెట్టులో ఉన్నది ఒక్క ఈగ. వీణ్ణి వెంటేసుకుని చోటుకు పోతే హెల్వి కోపం తప్పుతుంది, చోటు పోతుంది. ఒట్టి చేతులతో ఇంటికి పోతే చోటు దక్కుతుంది, నేను దక్కను. పళ్లు నూరుకుంటూ ఇంటిదారే పట్టాను, వాడూ నా వెనకే.

గుమ్మంలోనే వేడివేడి పళ్లరొట్టె వాసన కొట్టింది. బల్ల దగ్గర మరదలూ, ఆ పక్కనే ఇల్మో పెళ్లాం ఓర్వొక్కి. ఆవిడ పళ్లు చిగుళ్ల దాకా నీలం.

"నువ్వు తేవని తెలుసు గనక ఓర్వొక్కే తెచ్చిపెట్టింది," అంది హెల్వి, నా బకెట్టులోకి తొంగిచూసి.

గిన్నెలో మిగిలిన పళ్లకేసి చూసి గుడ్లప్పగించాను. మామూలు పళ్ల మీద ఉండే బూడిద పొర వాటి మీద లేదు. నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఈ చుట్టుపక్కల అలాంటివి కాసేది ఒక్కచోటే, నాన్న వేలు చూపిన చోటే.

"ఎంత బాగున్నాయి! ఎక్కడ దొరికాయక్కా?" అంది మరదలు.

"అడవిలో," అంది ఓర్వొక్కి.

ఇల్మో బూట్లు విప్పుకుని నా కుర్చీలోనే కూర్చున్నాడు. "మా ఊర్పో నడకలో గట్టివాడమ్మా. రేపూ వెళ్దామేంట్రా?"

వీడు బకెట్టెందుకు తేలేదో అప్పుడర్థమై నోరు తెరిచాను. ఏమని అరవను? అది నా చోటంటే, ఏ చోటని అడుగుతుంది మరదలు. ఒకవేళ ఓర్వొక్కికి అది గుడ్డిగా దొరికిందనుకున్నా, నా అరుపుతో అది మా చోటేనని రూఢి అయిపోతుంది.

"నాకో ముక్క వెయ్యవే," అన్నాను చివరికి.

"ఆగు. ముందు కోసుకొచ్చినవాళ్లకి," అని హెల్వి ఆఖరి ముక్క ఇల్మో కంచంలో వేసింది.

వాడు కళ్లు మూసుకుని, నిదానంగా, వేళ్లు నాక్కుంటూ తిన్నాడు.